ఇరవై ఏడో నంబరు కంకులు

కెరెతారో,
మెక్సికో దేశం,
24-8-1994, బుధవారం.

అవ్వకు నీ బిడ్డ మొగులమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి బాగున్నాను. నువ్వు, నీ అల్లుడు, కమలాకుమారి, ఆ పొగరుబోతు ఎర్రమేక కూడా అక్కడ బాగున్నారని నా ధైర్యం.

కమలాకుమారీ, చదివేది నువ్వే కదా బిడ్డా. అమ్మమ్మ పక్కన కూర్చుని నింపాదిగా చదువు. "మళ్ల సదువు" అంటే విసుక్కోకు. మధ్యలో ఒకచోట తలుపు వేయమని రాస్తాను. అక్కడ లేచి వేయి.

అవ్వా, మన జొన్న పరిశోధన క్యాంపస్ ఆఫీసు ఇక్కడికి పంపే సంచిలో మీరు వేసిన ఉత్తరం శుక్రవారం నా చేతికి వచ్చింది. అందులో నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి జవాబు సులువు. నాలుగోది పోయిన ఉత్తరంలో కూడా అడిగావు. నేనే దాటవేశాను. ఈసారి దాటవేయను.

మొదటిది. హోటల్ అనగానే పటాన్‌చెరు బస్టాండు ముందున్న చాయ హోటల్ అనుకుని "టేబుళ్ల మీదనే పంటున్నవా" అని రాయించావు. నన్ను ఇక్కడికి తీసుకొచ్చిన ఇందిర మేడమ్‌కు చదివి వినిపిస్తే ఆమె కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇది పడుకునే హోటల్ అవ్వా. ఊరు చాలా పాతది. ఎప్పుడో స్పెయిన్ దొరలు వచ్చి కట్టించారట. ఊరి చివర నీళ్లు తెచ్చే రాతి కమాన్లు డెబ్భై నాలుగు ఉన్నాయి. నేనే లెక్కపెట్టాను. మా హోటల్ కూడా అప్పట్లో ఎవరో దొర ఇల్లట. బయటినుంచి చూస్తే మన దొరల గడి లాగానే ఉంటుంది, కిటికీ లేని గోడ, ఏనుగు పట్టే తలుపు. మొదటి రోజు ఆ తలుపు ముందే ఆగిపోయాను. గడి తలుపు దాటి లోపలికి పోవడం మన ఇంటి ఆడవాళ్లకు ఎప్పుడు అలవాటు? మేడమ్ చెయ్యి పట్టుకుని లాగింది. లోపల చూస్తే నడుమ వాకిలి, అందులో నారింజ చెట్టు, చుట్టూ పద్నాలుగు అర్రలు. నాది తొమ్మిదోది. ఇప్పుడు ఆ తలుపును నా ఇంటి తలుపులాగే భుజంతో తోసుకుని వస్తున్నాను.

ఇది పెద్ద హోటల్ కాదు. పెద్ద హోటళ్లు చౌరస్తాలో ఉన్నాయి, వాటి ముందు టోపీలు పెట్టుకున్న మనుషులు నిలబడతారు. మనది చవకది. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే వస్తాయి. మంచం స్ప్రింగులది, పడుకుంటే ఉయ్యాలలో బిడ్డలాగా నడుములోకి జారిపోతాను. రెండో రోజే పరుపు తీసి కింద పరుచుకున్నాను. తాళంచెవికి రోకలి ముక్కంత కట్టె కట్టారు, ఎవరూ జేబులో వేసుకుని పోకుండా. ఇక నువ్వు అడిగిన రెండోది కూడా ఇక్కడే చెబుతాను. అర్రలోనే ఉంది, శుభ్రంగా ఉంది, కానీ చెంబు లేదు. బజారుకు పోయి ఒక ప్లాస్టిక్ జగ్గు కొనుక్కున్నాను. దుకాణమామెకు ఎందుకో సైగలతో చెప్పలేక, పూలకు నీళ్లు పోస్తానని చూపించాను. తలుపుకు లోపలినుంచి ఇనుప గడియ ఉంది. పక్క అర్రలో మేడమ్ ఉంది. నువ్వు పరేషాన్ కాకు.

మూడోది తిండి. ఇక్కడ వాళ్లు మక్కజొన్నలను సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బి, ఆ పిండితో రొట్టెలు చేస్తారు. సున్నం నాలుక పొక్కిస్తుందేమో అనుకున్నాను, ఏమీ కాలేదు. మిరపకాయలు మనకన్నా ఎక్కువే తింటారు. ఒక మాట వింటే నువ్వు కోపం చేస్తావు. మనం తినే జొన్నను ఇక్కడ పందులకు, ఆవులకు పెడతారు. మైళ్లకొద్దీ ఎర్రజొన్న, అంతా పశువులకే. నేను వంటింట్లో జొన్నపిండితో రొట్టె కొట్టి చూపించాను. వంటింటి ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఒకటి తిన్నది. ఇంకొకటి కొంగులో కట్టుకుని పోయింది. కొంగు అంటే ఆమె భుజాల మీద కప్పుకునే నల్ల శాలువ.

ఆ ముసలామె పేరు సొలెదాద్. నీ ఈడుదే ఉంటుంది. హోటల్ నడిపే ఎల్విరాకు అత్త. తెల్లవారకముందే వంటింట్లో పట్ పట్‌మని రొట్టెల చప్పుడు మొదలవుతుంది, అదే నాకు కోడికూత. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. పొయ్యి దగ్గర ఇద్దరం కూర్చుంటే మాట అక్కర లేదు.

పని సంగతి. హోటల్ నుంచి వ్యాను ఎక్కితే గంటలో చేలు. ఇక్కడివాళ్లు ఆరుగురు నా దగ్గర నేర్చుకుంటున్నారు, నలుగురు మొగవాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. మన క్యాంపస్‌లో చేసే పనే. జొన్న పువ్వు తెరవకముందే సూదితో విప్పి, లోపలి మూడు పుప్పొడి తిత్తులు పగలకుండా తీసి, కంకికి కాగితం సంచి తొడిగి, మర్నాడు వేరే జొన్న పుప్పొడి చల్లడం. ఒక్క తిత్తి పగిలినా ఆ గింజ సంకరం కాదు, తన జాతే తాను కంటుంది. నేను కళ్లు మూసుకుని చేస్తుంటే ఆ మొగవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. వారం తిరిగేసరికి వాళ్లూ కళ్లు మూసుకుని ప్రయత్నిస్తున్నారు. ఒకాయన సూదిని వేలికే గుచ్చుకున్నాడు.

కమలాకుమారీ, ఇప్పుడు తలుపు వేయి.

అవ్వా, నాలుగో ప్రశ్న నువ్వు ఇలా రాయించావు: "నలభై మంది ఆడోళ్లుండంగ నిన్నే ఎందుకు తోల్కపోయిన్రు బిడ్డా?" నేను ప్రయాణమయ్యే ముందు మన ముత్తంగిలో వాడకట్టంతా చక్కెర పంచి, "నా బిడ్డ చెయ్యి మంచిది" అని చెప్పుకున్నావు. నేను తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గుపడుతున్నానని అందరూ అనుకున్నారు. సిగ్గే, కానీ వాళ్లు అనుకున్న సిగ్గు కాదు.

పోయిన వానకాలం గుర్తు తెచ్చుకో. చీటీ మీది నంబరు కనబడక నువ్వు రెండుసార్లు ఒక కంకి సంచి ఇంకో కంకికి తొడిగావని, చేను పని చూసే నర్సింహులు సార్ నిన్ను సూది పని నుంచి తీసి కలుపుకు తోలాడు. ఇరవై ఏండ్లు చేసిన పని. నువ్వు కొడవలి తీసుకుని కలుపుకు పోయావు. పదిహేను రోజులు తిరగకముందే నా బొటనవేలికి గోరుచుట్టు లేచింది. దాని మీద రోకలిపోటు లాగా, అదే వారం మేడమ్ పరీక్ష పెట్టింది. వారం రోజులు ఎవరి సాలులో వాళ్లు చేయాలి, ఎవరి నంబరు చీటీ వాళ్లు కట్టాలి. నేను సూది పట్టుకోలేక ఏడుస్తుంటే నువ్వు వచ్చి ఏమన్నావు?

"ఏడ్తే వేలు నయమైతదా? జరుగు. నా కొడవలి వట్టుకొని కలుపుకు పో."

"నీకు కండ్లు కనవడయి గదనే అవ్వా."

"కన్ను అబద్ధమాడుతది. గోరు అబద్ధమాడది. జరుగు."

జొన్న నిలువెత్తు పెరిగి ఉంది. లోపల సాలులో ఉన్నది తల్లో బిడ్డో గట్టు మీద నిలబడ్డ నర్సింహులు సార్‌కు తెలియలేదు. ఏడు రోజులు నువ్వు కళ్లు మూసుకుని నా సాలు చేశావు. పొద్దుగూకే ముందు నేను వచ్చి ఎడమచేత్తో నా ఇరవై ఏడో నంబరు చీటీలు రాసి కట్టాను. అరవై కంకులు.

ఇంతవరకు నీకు తెలుసు. తెలియనిది చెబుతాను. ఆ అరవై కంకుల గింజలనే మేడమ్ యాసంగిలో మొలిపించింది. నలభై మందివీ మొలిపించింది. అందరి మళ్లలో పదో, ఇరవయ్యో తప్పు మొక్కలు, సంకరం కానివి, వచ్చాయి. ఇరవై ఏడో నంబరు మడిలో ఒక్కటి కూడా రాలేదు. అందుకే ఇరవై ఏడో నంబరును మెక్సికోకు తీసుకొచ్చారు. అందుకే పద్నాలుగేండ్ల రోజుకూలీ తర్వాత నన్ను పర్మనెంట్ చేసే కాగితం మేడమ్ పెట్టెలో సిద్ధంగా ఉంది. నీ చేతిని నా చెయ్యి అని చెప్పి విమానం ఎక్కాను. నీకు చెబితే నువ్వు సంతోషపడి ఊరుకుంటావని తెలుసు. అందుకే చెప్పలేకపోయాను.

పోయిన గురువారం చేలో మేడమ్ అడిగింది, "మొగులమ్మా, కళ్లు మూసుకుని చేయడం ఎవరు నేర్పారు?" అని. మా అవ్వ అన్నాను. "కళ్లు పోయాకే కదా ఆమె అలా మొదలుపెట్టి ఉంటుంది? అప్పటికే ఆమెను కలుపుకు మార్చారు కదా. నువ్వెప్పుడు చూశావు?" అంది. వాన వస్తున్నదని చెప్పి వ్యాను వైపు నడిచాను.

శనివారం హోటల్‌కు రాజధాని నుంచి పంతుళ్లు ఇరవై మంది దిగారు. నారింజ చెట్టు కింద కూర్చుని తిని, రొట్టెలు చాలా బాగున్నాయని ఎల్విరాను పిలిచి చప్పట్లు కొట్టారు. ఎల్విరా రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని వంగింది. అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. సొలెదాద్ ఆ చప్పట్లు విన్నది. తల ఎత్తలేదు. పిండిముద్ద తీసుకుని తర్వాతి రొట్టె కొట్టింది, అచ్చం నువ్వు కొడవలి తీసుకుని కలుపుకు పోయినట్లు. ఎల్విరా చెడ్డది కాదవ్వా. అత్తకు కాళ్లు పిసుకుతుంది, మందులు తెస్తుంది. నేనూ చెడ్డదాన్ని కాను. అయినా ఇద్దరం ఒకటే పని చేశాం.

ఆదివారం పొద్దున మేడమ్ మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పోయి చెప్పేశాను.

"మేడమ్, గా ఇరవై ఏడో నంబరు కంకులు నేను జెయ్యలె. మా అవ్వ బక్కమ్మ జేసింది. నాకు గోరుచుట్టు లేసింది."

ఆమె చేతిలోని తడి చీర అలాగే పట్టుకుని నిలబడింది. "అరవై కంకులూనా?" అంది.

"అరవై. ఏడు దినాలు. నేను ఆమె జాగల కలుపు తీసిన. మీరు ఏమన్నజేయుర్రి, నన్ను జేయుర్రి. ఆమెను అనొద్దు."

మేడమ్ చీర తీగ మీద వేసి కిందికి దిగిపోయింది. సోమవారం వ్యానులో ముందు కూర్చుంది, నాతో మాట్లాడలేదు. భయం కాలేదని అబద్ధం చెప్పను. పద్నాలుగేండ్లు గుర్తుకొచ్చాయి, కమలాకుమారి పదో తరగతి గుర్తుకొచ్చింది. కానీ ఆ రోజు కూడా కళ్లు మూసుకునే నా సాలు పూర్తి చేశాను.

నిన్న మంగళవారం ఆమె నా అర్రకు వచ్చి, కింద పరిచిన పరుపు మీదే కూర్చుని మాట్లాడింది. పర్మనెంట్ కాగితం ఆపేసింది. "ఇక్కడ నువ్వు నీ చేత్తో చేసిన కంకుల గింజలు మనతో తీసుకుపోదాం. యాసంగిలో మొలిపిద్దాం. మొక్కలు ఏం చెబితే అది" అంది.

"మొలిపియ్యుర్రి మేడమ్" అన్నాను. గట్టిగానే అన్నాను. ఎందుకంటే నాకు తెలుసు. ఈ నెల రోజుల్లో నేను తీసిన తిత్తి ఒక్కటి పగలలేదు. ఆ వారం నీ పని సగం పూటలు నీ వెనక నిలబడి చూశాను అవ్వా, కలుపు ఊరికే తీయలేదు.

మేడమ్ చెప్పిన రెండో మాట నీ గురించి. ఆమె నర్సింహులు సార్‌కు కాగితం రాసింది. చేను పుస్తకంలో ఇరవై ఏడో నంబరు ఎదురుగా నా పేరు కొట్టేసి బక్కమ్మ అని రాయాలి. దసరా తర్వాత కొత్తగా వచ్చే పన్నెండు మందికి కళ్లు మూసుకుని సూది పట్టడం నువ్వు నేర్పాలి. చీటీలు రాసే పని వేరేవాళ్లది, నీది గోటి పని. ఆ కాగితం, ఈ ఉత్తరం ఒకే సంచిలో వస్తాయి.

ఇప్పుడు అసలు మాట. నర్సింహులు సార్ ఆ పుస్తకం పట్టుకుని మన వాకిట్లోకి వస్తాడు. నువ్వేం చేస్తావో నాకు ఎరుకే. నా నౌకరి పోతుందని భయపడి, "నాకేమెరుక సారూ, మొత్తం నా బిడ్డనే జేసింది, ఆమెకు గంత దూరంల బెంగ వట్టి ఏందో అంటున్నది" అంటావు. నవ్వుతూ అంటావు, ఆయన నమ్ముతాడు. అట్లా అనొద్దు అవ్వా. నా కోసం నువ్వు చాలాసార్లు లేనట్లు ఉన్నావు. ఈ ఒక్కసారి ఉండు.

ఈ పొద్దున ఎల్విరా, హోటల్‌లో దిగినవాళ్లు రాసిపోయే పుస్తకం తెచ్చి, మీ అక్షరాలతో నాలుగు మాటలు రాయమని సైగ చేసింది. "ఈ ఇంట్లో రొట్టెలు చేసేది సొలెదాద్" అని తెలుగులో రాశాను. ఏం రాశానని అడిగితే మేడమ్ వాళ్ల మాటలో చెప్పింది. ఎల్విరా వంటింట్లోకి పోయి అత్తను తీసుకొచ్చింది. ముసలామెకు ఏ అక్షరమూ రాదు. తన పేరు ఎక్కడుందని అడిగింది. చూపించాను. పిండి చేతిని శాలువకు తుడుచుకుని, ఆ పేరు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిపింది.

ఇంకో పదకొండు రోజుల్లో వచ్చేస్తాను. నర్సింహులు సార్ అంతకుముందే వస్తాడు. కమలాకుమారీ, పుస్తకంలో అమ్మమ్మ పేరు ఎక్కడుందో నువ్వు చూపించు. అవ్వా, నీకు కనబడకపోతే వేలు పెట్టి చూడు.

ఇట్లు,
ఇరవై ఏడో నంబరు కంకులు తనవి కావని ఒప్పుకున్న
నీ బిడ్డ
మొగులమ్మ