వీర్రాజు వెక్కిరించిన నాటకం

హాలిఫాక్స్

అన్నయ్యకు,

చెల్లెలు రత్నం దూరం నుంచే దండం పెట్టి రాస్తున్న సంగతులు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదినకు షుగరు తగ్గిందా? ఇక్కడ నేనూ అమ్మాయి లావణ్యా బాగానే ఉన్నాం. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నా బిడ్డ శ్రీను పేరెత్తితే నువ్వు మాట మార్చేసి ఇక్కడ చలి ఎలా ఉందని అడుగుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నాది అయిదో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు చలి సంగతి చెప్పేస్తాను. మంచు కరిగింది, చలి పోలేదు. సముద్రం పక్కనే ఉంది కాబట్టి చేపలు దొరుకుతాయి, పులుసు పెడితే మాత్రం ముక్క విడిపోతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని మినప వడియాలు పంపు. ఈ ఇంట్లో అయిదుగురు ఆడపిల్లలు, అందరూ చదువుకని వచ్చిన మనవాళ్ళే. గదులు దొరక్క ఇద్దరిద్దరు సర్దుకుంటున్నారు. స్టవ్ దగ్గర వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. నేనొచ్చాక ఆ కాగితం తీసేశారు, అందరికీ నేనే వండుతున్నాను. చేతికి పనుంటే నాకూ మంచిది. బస్సెక్కినా తెలుగే వినిపిస్తుంది. శ్రీను వయసు పిల్లలు కనబడితే కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను. బాగానే ఉన్నానులే.

లావణ్య డాక్టరేటు దేని మీదని నువ్వు అడుగుతుంటావు. నాకూ మొన్నే అర్థమైంది. ఆఫ్రికా కొసన కేప్ టౌన్ అని ఓడరేవు ఉందట. పూర్వం అక్కడ స్థిరపడ్డ డచ్చివాళ్ళు తమ భాషలో నాటకాలు ఆడుకునేవాళ్ళట. ఇద్దరు రచయితలకు బొత్తిగా పడేది కాదట. ఒకాయన కన్నీళ్ళు పెట్టించే నాటకం రాస్తే, రెండో ఆయన దానికి పేరడీ కట్టాడట. అవే వేషాలు, అవే పాటలు, అక్కడక్కడ మాటలు మార్చి జనాన్ని నవ్వించాడట.

లావణ్య ఆ పేరడీని వంటగదిలో పైకి చదువుతుంటుంది. గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుంటుంది ఆ భాష. వరంగల్ అమ్మాయి శ్రావణి అంది కదా, "అక్కా, చదువుతున్నవా, గొంతు సాఫ్ చేసుకుంటున్నవా? నీళ్ళు తెమ్మంటవా?" అందరం నవ్వాం. నేనూ నవ్వాను అన్నయ్యా.

నవ్వు ఆగాక అడిగాను, "మరి అసలు నాటకం ఏదే?"

"అది పోయిందమ్మా, ఒక్క ప్రతి కూడా లేదు. ఈ వెక్కిరించినాయన పుణ్యమా అని సగానికి పైగా మళ్ళీ రాయగలుగుతున్నాను."

"పడనివాడి దగ్గర ఎలా దొరుకుతుంది?"

"వెక్కిరించాలంటే ముందు అసలుది నోటికి రావాలి కదమ్మా. ఎక్కడ మార్చాడో పట్టుకుంటే, మిగతాదంతా అవతలి ఆయనదే."

సగం చెక్కు తీసిన బంగాళాదుంప నా చేతిలో అలాగే ఉండిపోయింది.

మన శ్రీను ఏకలవ్యుడి తల్లి మీద నాటకం రాస్తే నువ్వే హార్మోనియం పట్టి మూడు ఊళ్ళలో ఆడించావు. పక్క ఊరి వీర్రాజు మూడు ఊళ్ళకూ వచ్చి, ముందు వరసలో కూర్చుని రాసుకున్నాడు. ఏడాది తిరక్కుండా పేరడీ కట్టి అమ్మవారి తీర్థంలో ఆడాడు. మన నాటకంలో తల్లి "బొటనవేలు లేకుండా అన్నం ఎలా కలుపుకుంటావు నాయనా" అంటే, అతని నాటకంలో "బొటనవేలు లేకుండా పేకముక్కలు ఎలా పంచుతావు నాయనా" అంది. జనం ఈలలు వేశారు. శ్రీను మాత్రం నవ్వి, "రాగం తప్పలేదు మావయ్యా, బాగా పట్టాడు" అన్నాడు. నువ్వూ నేనూ ఆ రోజు నుంచి వీర్రాజుతో మాట్లాడలేదు. శ్రీను పోయినప్పుడు అతను గుమ్మం దాకా వస్తే నేనే తలుపేశాను.

ఆ అన్నం మాట నాదే అన్నయ్యా. చిన్నప్పుడు వాడు తలుపు సందులో వేలు నలగ్గొట్టుకుంటే నేనన్న మాట.

ఇంకోటి నీ దగ్గర దాచాను. వాడి నాటకం నోటుబుక్కు ఏదని నువ్వడిగితే కనపడలేదన్నాను. వాడి వస్తువు ఒక్కటి ఇంట్లో ఉన్నా వాడు వెళ్ళలేడని పెద్దవాళ్ళు అంటే, పెద్దకర్మ నాడు చొక్కాలు, చెప్పులు, కళ్ళజోడుతో కలిపి అదీ మూటకట్టి గోదాట్లో వదిలేశాను. ఇంకో ప్రతి లేదని అప్పుడు తోచలేదు. వేషం కట్టినవాళ్ళు తలో ముక్కా చెప్పారు, అతకలేదు. నీకు రాగాలే గుర్తున్నాయన్నావు. మొత్తం రాసుకున్నది వీర్రాజు ఒక్కడే.

నువ్వు అతని ఇంటికి వెళ్ళాలి. నీకు కష్టమని తెలుసు. తలుపేసింది నేను, నన్ను మన్నించమన్నానని చెప్పు. హార్మోనియం పట్టుకెళ్ళి, అతని నాటకం మొదటి నుంచి చివరిదాకా పాడించి ఫోనులో రికార్డు చేసి పంపు. మధ్యలో కోప్పడకు, ఆపి సరిదిద్దకు. పేకముక్కలు అంటే అననీ. ఆ చోట ఏ మాట ఉండాలో నాకు తెలుసు.

వదినకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. లావణ్యను దీవించు.

నీ చెల్లెలు,
రత్నం