కోటమ్మత్తకు వేసిన ముడి
రేపల్లె, 1986 నవంబరు 11, మంగళవారం రాత్రి

పొద్దున చేపల కోటమ్మత్త మా వసారాలో బుట్ట దించగానే ఈదురుగాలికి పైరేకు ధడేల్మంది. అంతే, ఆమెకు ఎగశ్వాస మొదలైంది. ఒళ్లంతా చెమటలు, పెదవులు తెల్లబడ్డాయి, వేళ్లు కొంకర్లు పోయాయి.

"ఫిట్సే! చేతిలో తాళాలు పెట్టవే!" అని అమ్మ కేకేసింది. పెడదామంటే ఆ గుప్పిట తెరుచుకుంటేగా! బీయస్సీ చదివిన నాకు ఏమీ తోచలేదు. ప్రాణం పోతుందనే అనుకున్నాను.

"తాళాలొద్దే పిల్లా... నన్ను కట్టెయ్," అంది కోటమ్మత్త.

డెబ్బై ఏడు ఉప్పెన రాత్రి కొంగుతో తనను తాటిచెట్టుకు కట్టుకుని బతికిన మనిషి. ఇప్పుడూ ఆమె కొంగునే నడుముకూ వసారా గుంజకూ కలిపి బిగించాను. మెల్లగా ఊపిరి కుదుటపడింది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఒళ్లు ఇన్నేళ్లు ఇంత గుర్తుపెట్టుకుంటుందా!

"ఉప్పెన నీళ్లు తీసి తొమ్మిదేళ్లయిందని నాకు తెలుసండి. ఈ ఒంటికే ఎవరు చెప్పాలో," అని అమ్మతో నవ్వింది. నాతో, "ఇక విప్పవే, చేపలు మెత్తబడతాయి," అంది.

రేపు కూడా గాలి ఉంటుందని రేడియోలో చెప్పారు. గుడిసెలో ఆమె ఒక్కతే. వేళ్లు బిగుసుకుపోయాక ఆ ముడి ఎవరు వేస్తారో...