నీళ్లొచ్చిన రోజు ఖాళీ కుర్చీలు

పార్లమెంటు తాగునీటి కమిటీ అధ్యక్షుల వారికి,

కోయిలకుంట్ల దగ్గర మా ఊరి నేతవీధి నుంచి ఒక గృహిణి నమస్కరించి రాసుకునే మనవి.

పోయిన వారం మంగళవారం మీ కమిటీ మా వీధి బడిలో కూర్చుని, కొళాయి నీళ్ల సంగతి ఆడవాళ్ల నోటనే వింటామంది. చెప్పడానికి నలభై మందిమి వచ్చాం. నా చేతిలో నోటుపుస్తకం ఉంది. నీళ్లు ఏ రోజు వచ్చాయో, ఎంతసేపు వచ్చాయో రెండేళ్లుగా అందులో రాస్తున్నాను.

మీరు మైకు అందుకునేలోపే, పదకొండు రోజులుగా రాని నీళ్లు వీధి కొళాయిల్లో వచ్చాయి. పక్కింటి బసమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "సార్లు రేపైనా వస్తారు, నీళ్లు వస్తాయా? లెయ్ అక్కా! ఈడ కూచుంటే బిందెలు నిండుతాయా?" అంది. ఐదు నిమిషాల్లో కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. నేనూ వెళ్లాను. అది నా తప్పే.

కమిటీకి ఫిర్యాదులేవీ రాలేదని మరునాడు పేపర్లో చదివాను. ఆ మాటే మీ నివేదికలోకి ఎక్కితే మేం అడుగుతున్న కొత్త పైపులైను ఇక రాదేమోనని భయంగా ఉంది. అందుకే నా పుస్తకం మొత్తం జిరాక్సు తీయించి దీంతో పంపుతున్నాను. చివరి పేజీ చూడండి. మీరు వచ్చిన రోజు గంటన్నర వచ్చాయి. ఆ తర్వాత ఇవాళ్టికి తొమ్మిది రోజులు, చుక్క లేదు.

వీలైతే మళ్లీ రండి. వస్తున్నట్టు ఎవరికీ ముందుగా చెప్పకండి. ఈసారి మేమందరం కుర్చీల్లోనే ఉంటాం.

ఇట్లు,
నేతవీధి గృహిణి