ఇరవై ఐదు తీసి ఉంచాలి

ప్రియమైన అన్నయ్యకు,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీ క్యాంపులో చలీ, నీ దగ్గూ రెండూ తగ్గాయనుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. మెట్ల కింద మెయిల్ సర్వరు మీద పచ్చ దీపం వెలుగుతోందా అన్నది మొదటిది. వెలుగుతోంది. నాన్న మీద నీకెందుకంత అనుమానం అన్నది రెండోది. దానికి కాస్త పెద్ద జవాబే రాయాలి.

"మన ఉత్తరాలు మన ఇంట్లోనే ఉండాలి" అంటూ నువ్వు పాత కంప్యూటరును సర్వరుగా మార్చి, ఇంట్లో అందరి మెయిలు పెట్టెలూ తెరిచే పాస్‌వర్డు నా చేతికిచ్చి వెళ్లావు. పోయిన వారం మంగళవారం లైన్‌మన్ వచ్చి కొత్త రూటరు పెట్టాడు. ఆ రోజు నుంచీ బయటి ఉత్తరాలు ఆగిపోయాయి. నేను పంపినవి వెళ్తున్నాయి. అమ్మ వంటింట్లోంచి నాకు పంపే సరుకుల జాబితా వస్తోంది. లైబ్రరీ వాళ్లు పంపుతామన్న ఇంటర్వ్యూ పిలుపు మాత్రం రాలేదు.

నాన్న మూడుసార్లు అడిగారు, "ఏమైనా వచ్చిందా తల్లీ?" అని. పేపర్లోంచి తలెత్తని మనిషి! అడిగి, నా మొహం చూసి, మళ్లీ పేపరు అడ్డం పెట్టుకునేవారు. లైన్‌మన్ పని చేస్తున్నంతసేపూ పక్కన నిలబడింది ఆయనే. ఊరు దాటి ఉద్యోగమేమిటన్నదీ ఆయనే.

సర్వరులో రాకపోకల చిట్టా అంతా చదివాను. బయటినుంచి ఒక్కరు కూడా తలుపు తట్టిన గుర్తు లేదు. వచ్చినవాళ్లను ఎవరో గేటు దగ్గరే తిప్పి పంపేస్తున్నట్టుంది.

"ఆ డబ్బా ముందు తపస్సు చేస్తే దేవుడు ప్రత్యక్షమవుతాడా?" అంది అమ్మ.

సోమవారం లైన్‌మన్‌ను మళ్లీ పిలిచాం.

"మావైపు అంతా తెరిచే ఉందమ్మా," అంటూ రూటరు పేజీ చూశాడు. "బయటి మెయిలు వచ్చేది ఇరవై ఐదో పోర్టు, అంటే ఆ నంబరు తలుపులోంచి. తెరిచిన తలుపుల జాబితాలో ఇరవై ఐదు అసలు లేదే! ఎవరు తీసేశారు?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న గోడ వైపు చూశారు.

"ఆ జాబితా మంగళవారం మీ అమ్మాయే ఎక్కించింది కదండీ," అన్నాడు లైన్‌మన్.

నీ నోటుబుక్కు తెచ్చి చూపించాను. "అన్నయ్యే రాశాడు, '25 తీసి ఉంచాలి' అని. అందుకే తీసేశాను."

అతను నవ్వాపుకోలేకపోయాడు. "తీసి ఉంచడమంటే తెరిచి ఉంచడమమ్మా! తలుపు తీయమంటే ఊడబీకి పక్కన పెడతారా?"

కాన్వెంటులో తెలుగు వారానికి రెండు గంటలేనని చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వారు, అవసరానికి మించి.

ఇరవై ఐదు చేర్చిన గంటలో పదిహేడు ఉత్తరాలు వచ్చిపడ్డాయి, నీదీ వాటిలోనే. లైబ్రరీది లేదు.

తప్పు నాదని తేలాక అనుమానం పోవాలి కదా అంటావు. పోలేదు. ఎందుకో చెప్పాలంటే ఇంతవరకూ దాచింది చెప్పాలి. శనివారం నాన్న క్షవరానికి వెళ్లినప్పుడు, నువ్విచ్చిన పాస్‌వర్డుతో ఆయన పెట్టె తెరిచాను. ఎవరి ఉత్తరాలూ చదవనని నీ ముందు వేసిన ఒట్టు మరిచిపోలేదు. గుర్తుండే తెరిచాను. నా పిలుపు ఎక్కడైనా దాచారేమోనని వెతికాను. లేదు. పంపినవాటిలో మాత్రం లైబ్రరీకి రాసింది ఒకటుంది, రూటరు మారడానికి ముందురోజుది.

'మా అమ్మాయి ఆరోగ్యం సరిగా ఉండదు. ఉద్యోగం చేసే స్థితిలో లేదు. దయచేసి పిలవకండి.'

అయినా సోమవారం దాకా ఆగాను, వాళ్లు పిలిచే ఉంటారేమోనని.

నిన్న లైబ్రరీకి ఫోను చేశాను. ఫోనంటే నాకెంత బెదురో నీకు తెలుసు. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని చదివాను.

"ఇప్పుడెలా ఉందమ్మా ఒంట్లో?" అంది అవతల పెద్దావిడ.

కాగితంలో దానికి జవాబు లేదు. "నాకేమీ లేదండీ," అన్నాను.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "అయితే శుక్రవారం పదింటికి వచ్చెయ్," అంది.

ఈ సాయంత్రం నాన్నకు చెబుతాను. నీకెలా తెలిసిందని అడుగుతారు. మీ ఉత్తరం చదివానని ఒప్పుకుంటాను, తిడితే పడతాను. ఆ తర్వాత నేనూ ఒకటి అడగాలి.

నాకేం జబ్బు, నాన్నా?

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చెల్లి