జయంతి భాయ్ బెల్లం డబ్బ

సౌదీల దమ్మామ్, గురువారం. యుద్ధం షురువై రెండో వారం.

ఇయ్యాల జయంతి భాయ్ పప్పుల బెల్లం ఎయ్యలే. రెండేండ్ల సంది ఈ గుజరాతాయనతోని ఒక్క రూముల ఉంటున్న, పప్పు తియ్యగెందుకని రోజూ కొట్లాటనే. అసొంటిది, ఇయ్యాల చింతపండు పిసికి, ఎండుమిర్చి దంచి అచ్చం మా కరీంనగర్ లెక్క చేసిండు. మంటకు కండ్లల్ల నీళ్లు కారుతున్నా తుడుసుకుంట తిన్నడు.

"గుడ్ ఖతమ్ హోగయా క్యా భాయ్?" బెల్లం అయిపోయిందా అనడిగిన.

"నహీ రే, ఐసేహీ," ఊకెనే అని అన్నడు. నా మొకం సూడలే.

నాకు నమ్మబుద్ధి కాలే. సైరన్ మోగినప్పటిసంది ఇండియా పోత, ఇండియా పోత అని నస పెట్టినాయన, మూడు రోజులాయె, ఆ మాటే ఎత్తుతలేడు. నిన్ననేమో మజ్జిగ ఇరగకుండ కఢీ, అదే ఆళ్ల తియ్య మజ్జిగ పులుసు, ఎట్ల కాయాల్నో పక్కన నిలబడి నాతోనే చేయించిండు. ఎన్నడన్న పొయ్యి కాడికి రానిచ్చిండా నన్ను? మా కఫీల్, పనిల పెట్టుకున్న సేటు, దేశం దాటెటందుకు ఎగ్జిట్ కాయితం ఇచ్చిండేమో. నాకు చెప్తే నేను సుత అడుగుతనని భయమా?

ఆయన తానానికి పోంగనే అల్మారా సూసిన. బెల్లం డబ్బ నిండుగనే ఉన్నది. కాని ఆయన అరల లేదు, నా అరల ఉన్నది.

రేపు పప్పు నేనే వండుత. బెల్లం రెండు ముక్కలు ఎక్కువనే ఏస్త. తినెటందుకు ఉంటడో, లేదో.