తాడు కోసిన మాట

విశాఖపట్నం,
ఆగస్టు 2008

తాతబాబు బావా,

నీ ముఖం చూడాలని లేదు గనకే రాస్తున్నాను. నా కూతురి ఓణీల ఫంక్షన్లో, అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా నా కాలరు పట్టుకున్నావు. "తాత పరువు కంప్యూటర్లో పెట్టి తీసేత్తన్నావేటిరా? ఆ రాత తీసెయ్. లేపోతే నీ గడప తొక్కను" అన్నావు. తొక్కకు. నేను తీయను.

ఏడో తరగతితో బడి మానేసి పోర్టులో కూలీగా చేరినవాణ్ణి. నలభై దాటాక నెట్ సెంటర్లో తెలుగు టైపు నేర్చుకుని, మన పేట సంగతులు బ్లాగులో రాయడం మొదలుపెట్టాను. తెలిసింది రాస్తాను. తప్పయితే చదివినవాళ్లు కింద దిద్దుతారు. వెళ్లి కనుక్కుని మళ్లీ రాస్తాను. నా చదువంతా అదే.

మన తాత పైడయ్య తుఫానులో తనతో వేటకొచ్చిన గవర్రాజుని కాపాడబోయి, చేతకాక తిరిగొచ్చాడని చిన్నప్పుడు విన్నదే రాశాను. గవర్రాజు మనవరాలు చదివి, "అబద్ధం. మా నాయనమ్మ అప్పాయమ్మని అడగండి" అంది. అడిగాను. తెప్ప తిరగబడేలా ఉంటే, నీళ్లలో పడ్డ గవర్రాజు పట్టుకున్న తాడుని తాత కోసేశాడని, అదే తెప్ప మీదున్న ఇంకొకడు ఆమెకి చెప్పాడట. అదీ రాశాను. ఆయన నీకొక్కడికే తాత కాదు, మా నాన్నని కన్నవాడు కూడా. రాయడం నాకు తేలికనుకున్నావా?

నీ బావమరిది,
కోటి


కోటీ,

నీ ఉత్తరం చించేద్దామనుకున్నాను. "ఆడేటి రాసాడో సదువు" అని అమ్మ పట్టుబట్టింది. చదివాను. కంప్యూటర్లో నువ్వు రాసింది అచ్చు తీయించి అదీ వినిపించాను. నిన్ను తిడుతుందని ఎదురుచూశాను. నీ మేనత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మా అయ్య నిద్దట్లో 'గవర్రాజా, తాడొగ్గీరా, ఒదిలీరా' అని ఏడిసేవోడురా. పెళ్లయి ఈ ఇంటికొచ్చీదాకా ఇన్నాను. ఎవులికీ సెప్పనేదు. కోటిగాణ్ణి రమ్మను. రాసుకుంటాడు" అంది.

నీమీద కోపం తగ్గలేదు. నా పిల్లలకి తాత గురించి చెప్పుకోడానికి ఏమీ మిగల్చలేదు నువ్వు. ఆదివారం వచ్చి అమ్మ చెప్పేది రాసుకుని పో. నేను వేటకి పోతాను, ఇంట్లో ఉండను. ఆయన ఏడ్చాడన్న మాట ఒక్కటి వదిలేశావో, నిన్ను బతకనివ్వను.

తాతబాబు