అమ్మ అత్తయ్యతో అన్న మాట

తమ్ముడూ గన్‌హో,

ఈసారి పూసాన్ వచ్చినప్పుడు నా పెళ్ళి ఊసెత్తకు. హేవన్ నాకు స్నేహితురాలు మాత్రమే కాదని, ఆమెతోనే బతుకుతానని అమ్మకు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాను. విన్న మర్నాడే ఇంకో పెళ్ళికొడుకు ఫోటో పంపేది. చెప్పీ చెప్పీ అలసిపోయాను.

నిన్న అమ్మ ఇంట్లో చలికాలానికి క్యాబేజీలతో కిమ్చీ పచ్చడి పెడుతుంటే అత్తయ్య మళ్ళీ సంబంధం తెచ్చింది. నేను క్యాబేజీ ఆకులకు కారం పూస్తూనే ఉన్నాను. అమ్మే కారం చేతులతో లేచింది.

"ఇక సంబంధాలు తేవద్దు వదినా. దీనికి మనిషి ఉంది. ఆడపిల్లే."

అత్తయ్య విసురుగా వెళ్ళిపోయింది. అమ్మ నా వంక చూడలేదు.

"అలా నిలబడతావేం? ఆ పిల్లను రమ్మను. ఇన్ని క్యాబేజీలు మనిద్దరి వల్ల ఏమవుతాయి?"

హేవన్ వచ్చింది. ముగ్గురం కలిసి పని ముగించాం. సంతోషపడే ఓపిక కూడా లేక, కింద వేడి గొట్టాలున్న వెచ్చటి నేల మీదే నిద్రపోయాను. లేచేసరికి నా మీదా హేవన్ మీదా ఒకే దుప్పటి కప్పి ఉంది.

మీ అక్క